నిన్న తెరిచిన పట్టీ

“ఆ మూడూ పారేయ్ పెద్దమ్మా.”

“ఎందుకప్పా పారేసేది? పొద్దన్నే గదా తెరిచింది. ఒక్కదాని మీద కూడా నెత్తురు చుక్క పడలేదు.”

“చుక్క పడకపోయినా గాలి తగిలింది గదా. కవరు చించినాక పది నిమిషాల్లో వాడల్లని కాలేజీ వాళ్ళు ఎన్నిసార్లు చెప్పినారు? ముందు బెంచీలో కూచోని తల ఊపింది నువ్వే.”

“తల ఊపినా. ఊపినానని బంగారమట్లా దాన్ని తీసి చెత్తలో వేస్తానా?”

“అది ఇడ్లీ గాదు పెద్దమ్మా, పొద్దున దించి మధ్యాన్నం తినేదానికి.”

“ఇడ్లీ అయితే నీకే పెడ్తాంటి, కాసేపు నోరన్నా మూస్తావని.”

ఈ గొడవ జరిగింది బద్వేలు పక్కనున్న ఒక చిన్న ప్రభుత్వ ఆసుపత్రిలో, నా ఉద్యోగం చివరి ఏడాది, ముసురు పట్టిన ఒక మంగళవారం. పారేయమన్నది మా ల్యాబు ఆయన. ముప్పై అయిదేళ్ళ మనిషి, ఇద్దరు పిల్లల తండ్రి, కాంట్రాక్టు ఉద్యోగి. పారేయనన్నది నేను, ఆ ఆసుపత్రి ఆయాను.

కొత్తగా ఉద్యోగంలో చేరే పిల్లల కోసం నీ అనుభవం రాయమని మా సంఘం వాళ్ళు నన్ను అడిగారు. మంచి సంగతి ఏదైనా రాయమన్నారు. మంచి సంగతులు మీకు ఎవరైనా చెబుతారు. నేను మూడో తరగతి దాకా చదివినదాన్ని, నాకు రాయడానికి ఉన్నది ఒక్కటే. పేర్లు రాయను. అందులో ఉన్నవాళ్ళు చదివితే వాళ్ళకే తెలుస్తుంది.

నేను చేరిన కొత్తలో గాజు సిరంజీల కాలం. పొద్దున ఆరున్నరకు స్టవ్వు వెలిగించి, సిరంజీలు, సూదులు గిన్నెలో వేసి ఉడకబెట్టి, పట్టకారుతో తీసి, ఉడికిన బట్ట పరిచిన ట్రేలో వరసగా సర్దాలి. డాక్టరు చెయ్యి చాచేసరికి సిరంజీ చేతిలో ఉండాలి. ట్రే సర్దడంలో నన్ను మించినవాళ్ళు లేరని ఆ రోజుల్లో ఒక పెద్ద డాక్టరు నలుగురిలో అన్నాడు. ఆయన నాకిచ్చిన మెచ్చుకోలు అదొక్కటే. ఆ మాట నేను నలభై ఏళ్ళు మోశాను. మెచ్చుకోలు కూడా మనిషిని చెడగొడుతుందని నాకు అప్పుడు తెలియదు.

పొదుపు నాకు పుట్టుకతో వచ్చింది. అరిగిపోయిన సబ్బు ముక్కలు నాలుగు కలిపి పిసికి కొత్త సబ్బు చేసేదాన్ని. దూది చుట్టలో చివరి పొర వదిలేవాళ్ళను తిట్టేదాన్ని. మందుల అట్టపెట్టెలు చించి వాటి వెనక చీటీలు రాయించేదాన్ని. నన్ను చూస్తే కొత్త నర్సులు బక్కెట్టులో పడేసిన బ్యాండేజీ కూడా తీసి చుట్టేవాళ్ళు. అందరూ నవ్వేవాళ్ళు గానీ, నెల చివర సరుకు అయిపోయినప్పుడు నా దగ్గరికే వచ్చేవాళ్ళు.

అట్లాంటి నాకు ఆఖరి ఏడాదిలో ఒక మిషన్ ఇచ్చారు.

దూరపు ఊరి కాలేజీ నుంచి నలుగురు వచ్చారు. వాళ్ళ చేతిలో సబ్బుపెట్టె అంత మిషన్. దాని నోట్లో ఒక సన్నని పట్టీ పెట్టి, వేలి నుంచి ఒక చుక్క నెత్తురు వేస్తే, పదిహేను నిమిషాల్లో డెంగీ ఉందో లేదో చెబుతుంది. ఉంటే ఎర్ర లైటు, లేకుంటే పచ్చ లైటు, పట్టీ చెడిపోయి ఉంటే పసుపు లైటు. అంతకు ముందు నెత్తురు తీసి కడపకు పంపితే, ఫలితం వచ్చేసరికి మనిషి బాగైనా అయ్యేవాడు, లేకుంటే కాటికైనా పోయేవాడు. ఇట్లాంటి మిషన్ పల్లెల్లో ఎట్లా పనిచేస్తుందో చూడాలని మా ఆసుపత్రిని ఎంచుకున్నారు.

మా పక్క కొళాయి నీళ్ళు నాలుగు రోజులకు ఒకసారి వస్తాయి. ప్రతి ఇంట్లో తొట్లు, డ్రమ్ములు. వాన పడితే చాలు, దోమలు. అందుకే మమ్మల్ని ఎంచుకున్నారని సిస్టరమ్మ చెప్పింది.

సిస్టరమ్మ గురించి చెప్పాలి. ఆమె మా నర్సు. నాకంటే పదిహేనేళ్ళు చిన్న. ఇరవై రెండేళ్ళు ఒకే గదిలో, ఒకే బెంచీ మీద అన్నం తిన్నాం. చర్చి కుటుంబం వాళ్ళది. భర్తకు మూడెకరాల చేను, ఆదివారం ప్రార్థనలో పాటలు ఎత్తుకునేది ఆయనే. ఒకతే కూతురు, ఆ పిల్ల ఇప్పుడు కడపలో నర్సింగు చదువుతోంది. నా మొగుడు పోయినప్పుడు పదిరోజులు నా పని తాను చేసి, నా హాజరు పోకుండా కాపాడింది సిస్టరమ్మే. మా ఇంట్లో ఆమెకు ఒక చెంబు ఉండేది, ఆమె ఇంట్లో నాకొక గ్లాసు ఉండేది. నేను ఆమెను కోప్పడేదాన్ని. ఆమె నన్ను చూసి నవ్వేది. ఇంతకంటే చెప్పడం నాకు రాదు.

ల్యాబు ఆయనకు వారంలో మూడు రోజులు మా దగ్గర, మూడు రోజులు ఇంకో ఊళ్ళో పని. ఆయన లేనప్పుడు కూడా మిషన్ నడవాలని కాలేజీ వాళ్ళు మా అందరికీ నేర్పించారు. నాకూ నేర్పించారు. చీపురు, స్టవ్వు తప్ప ఇంకేదీ నా చేతికి ఇవ్వని ఆసుపత్రిలో, మిషన్ ఇచ్చి “మీరు బాగా చేస్తాండారమ్మా” అన్నారు. ఆ సాయంత్రం ఇంటికి పోయి చెప్పులు కడుక్కుని మంచం కింద పెట్టుకున్నాను, ఏదో కొత్త ఉద్యోగం వచ్చినట్టు.

ఇక ఆ మంగళవారం సంగతి. బయట అరుగు నిండా జ్వరాల వాళ్ళు. నేను పాత అలవాటుగా పొద్దున్నే ఎనిమిది కవర్లు చించి, పట్టీలు ట్రేలో వరసగా సర్దాను. వేలు పొడిచేసరికి పట్టీ సిద్ధంగా ఉండాలి గదా. అయిదుగురికి అయ్యేసరికి బస్సు వచ్చింది, మిగతావాళ్ళు మళ్ళీ వస్తామని ఎక్కిపోయారు. మూడు పట్టీలు మిగిలాయి. అప్పుడే ల్యాబు ఆయన లోపలికి వచ్చి ట్రే చూశాడు. ఆ తర్వాత మీరు పైన చదివిందే.

చివరికి “సరేలే, పారేస్తా” అన్నాను. ఆయన ఇంకో ఊరి బస్సు కోసం పరుగెత్తాడు. నేను పారేయలేదు.

ఆ పట్టీ ఒక్కోటి వెండిరంగు కవరులో వచ్చేది. కవరులో చెమ్మ పీల్చే చిన్న పొట్లం ఉండేది. వాడిన కవర్లలోని పొట్లాలు కూడా నేను పారేయకుండా దాచేదాన్ని. మూడు పట్టీలనూ వాటి కవర్లలోనే పెట్టి, అంచు మడిచి, ఒక మూత డబ్బాలో వేసి, దాచిన పొట్లాలన్నీ వాటి చుట్టూ పేర్చాను. ఉప్పుకు చెమ్మ తగలకుండా డబ్బాలో నాలుగు బియ్యపు గింజలు వేస్తాం గదా, అదే లెక్క. ఒక పొట్లం చేసే పని ఇరవై పొట్లాలు ఇంకా బాగా చేస్తాయనుకున్నాను. వాడిన పొట్లాలు అప్పటికే చెమ్మ తాగి ఉంటాయని, అవి మళ్ళీ తాగలేవని నాకు తట్టలేదు. తట్టకపోవడానికి ఒక కారణం ఉంది. మా సీమలో ఏడాదికి పది నెలలు పెదవులు పగులుతాయి. చెమ్మకు భయపడటం మాకు ఎవరు నేర్పారు? ఆ వారం మాత్రం ముసురు. గోడకు చెయ్యి ఆనిస్తే తడి.

మరునాడు బుధవారం, పొద్దున్నే మేకలు కాచే ముసలాయన ఒకడు జ్వరంతో వచ్చాడు. డబ్బాలో నుంచి ఒక పట్టీ తీసి పెట్టాను. పచ్చ లైటు. పసుపు వెలగలేదు. “చూడప్పా, ఎట్ల పనిచేస్తాందో” అని ఊళ్ళో లేని ల్యాబు ఆయనతో మనసులోనే అన్నాను. ఆ ముసలాయన రెండు రోజుల్లో లేచి మేకల వెంట పోయాడు, ఇప్పటికీ ఉన్నాడు. ఆ పచ్చ లైటు నన్ను గెలిపించింది. ఆ గెలుపు గంట సేపు ఉంది.

తొమ్మిదింటికి సిస్టరమ్మ వచ్చింది. ముఖం ఎర్రగా ఉంది. ముందు రోజు సాయంత్రం నుంచి జ్వరమంట, కళ్ళ వెనక నొప్పంట. ఇంటికి పొమ్మన్నాను. వినలేదు. అరుగు మీద పద్నాలుగు మంది ఉన్నారు, అందులో పిల్లలే ఎక్కువ. పెట్టెలో కొత్త పట్టీలు తొమ్మిదే ఉన్నాయి. కొత్త పెట్టె సోమవారం గానీ రాదు.

“నీకు ఒకటి పెడ్తా, కూచో” అన్నాను.

“నాకెందుకక్కా, పిల్లోళ్ళకు పెట్టు. నాది మామూలు జ్వరమే.”

“పిల్లోళ్ళవి ముట్టుకోనులే. నీకు నిన్నటిది ఉండాది.”

ఆమె నవ్వి వేలు చాచింది. “నిన్నటి సంగటి నాకు, వేడిది వాళ్ళకు. అంతేనా అక్కా?”

“అంతే. ఇంటి మనిషివి గదా.”

ఇది చదివే ఆడపిల్లలకు ఈ మాట వివరించాల్సిన పని లేదు. మన ఇళ్ళల్లో చుట్టాలకు వేడిగా వండిపెడతాం. నిన్నటిది మనం తింటాం, మనకు బాగా కావలసిన వాళ్ళకు పెడతాం, వాళ్ళేమీ అనుకోరు గనక. పరాయి మనిషి అయి ఉంటే ఆ రోజు ఆమెకు కొత్త కవరు చించేదాన్ని. నా మనిషి కాబట్టే మిగిలింది పెట్టాను.

పదిహేను నిమిషాలకు పచ్చ లైటు వెలిగింది. ఆమె వెంటనే తన సంచిలో నుంచి ఒళ్ళు నొప్పుల మాత్రలు తీసింది. గట్టి మాత్రలు. డెంగీ జ్వరంలో అవి వేసుకోకూడదు, నెత్తురు కారుతుంది. అది ఆమెకు తెలియనిది కాదు. ఊరూరా తిరిగి ఆ మాట చెప్పింది ఆమే. మిషన్ లేదంది గనక వేసుకుంది. వేసుకుని సాయంత్రం దాకా పిల్లల జ్వరాలు చూసింది. ఆ రోజు తొమ్మిది పట్టీలూ అయిపోయాయి. నలుగురికి ఎర్ర లైటు వచ్చింది. ఆ నలుగురు పిల్లలూ కడపకు పోయి బాగై వచ్చారు.

సాయంత్రం ల్యాబు ఆయన ఫోను చేశాడు. సిస్టరుకు జ్వరమని ఎవరో చెప్పారట. పచ్చ వచ్చిందని చెప్పాను. ఏ పట్టీ అని ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. “పచ్చ వచ్చినా నమ్మద్దు పెద్దమ్మా, రేపు నెత్తురు తీసి కడపకు పంపీ” అన్నాడు. ఆ మాట నేను సిస్టరమ్మకు చెప్పాను. ఒక్కసారే చెప్పాను. “ఒకసారి లేదనింది గదక్కా, మళ్ళీ మళ్ళీ ఎందుకు” అంది. నేను గట్టిగా పట్టుబట్టలేదు. ఎందుకు పట్టుబట్టలేదని ఇన్నేళ్ళలో చాలాసార్లు నన్ను నేను అడిగాను. మళ్ళీ చూస్తే, నా పట్టీ తప్పని తేలుతుందేమోనన్న పంతం ఎక్కడో ఒక మూల ఉందేమో. లేదని ఒట్టు వేయలేను.

శుక్రవారం ఆమె రాలేదు. శనివారం వచ్చింది. జ్వరం దిగింది, కడుపులో మాత్రం కాస్త నొప్పిగా ఉందని చెప్పింది. జ్వరం దిగిందని నేను సంతోషపడ్డాను. ఈ జ్వరంలో అసలు భయపడాల్సింది జ్వరం దిగినప్పుడేనని ఆమె పాఠం చెప్పినప్పుడల్లా నేను గది ఊడుస్తూ విన్నదే. విన్నది వేరు, కళ్ళ ముందు మనిషి నవ్వుతుంటే గుర్తుకు రావడం వేరు. మధ్యాహ్నం తన డబ్బా అన్నం నాకు ఇచ్చేసి, ఆకలి లేదంది. నేను తినేశాను. పారేయడం ఎందుకని.

ఆదివారం చర్చిలో వాంతి చేసుకుందట. చేతులు చల్లబడ్డాయట. బద్వేలుకు, అక్కడి నుంచి కడప పెద్దాసుపత్రికి తీసుకుపోయారు. అక్కడ నెత్తురు చూసి డెంగీ అన్నారు. సోమవారం పొద్దున పోయింది. ఆ పొద్దునే పట్టీల కొత్త పెట్టె వచ్చింది. దాని మీద తీసుకున్నట్టు సంతకం పెట్టింది నేనే.

మట్టి చేసిన మరునాడు ల్యాబు ఆయన నన్ను గదిలోకి పిలిచి తలుపు దగ్గరగా వేశాడు. మిషన్ లోపల ఎవరికి ఏ రోజు పరీక్ష చేసిందీ ఉంటుంది. సిస్టరమ్మ పేరు దగ్గర ఆగి, “ఏ కవరు పెద్దమ్మా?” అన్నాడు.

నేను నా అలమరలో నుంచి డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టాను. మూత తీశాడు. ఒకే పట్టీ ఉంది. చుట్టూ పొట్లాలు. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండేది.

“ఇంకెవరికన్నా తెలుసునా?” అన్నాడు.

“లేదు.”

“అయితే ఎవురికీ చెప్పాకు. నీకు ఉండేది రెండు నెల్లు. మర్యాదగా దిగిపో.”

“నువ్వేం చెప్తావు మరి?”

“మిషన్ నా ఉద్యోగం నంబరు మీద ఉండాది. నేనేదో చెప్పుకుంటా.”

“నీకు ఇద్దరు పిల్లోళ్ళు అప్పా.”

“నీకు తెలీకుండా పుట్టలేదులే వాళ్ళు” అని నవ్వబోయాడు. నవ్వు రాలేదు. ఆయన ఇద్దరు పిల్లల పురుళ్ళకూ వేడినీళ్ళు కాచింది నేను, పిల్లల్ని చేతుల్లోకి తీసుకున్నది సిస్టరమ్మ. నేను డబ్బా తీసుకుని బయటికి వచ్చాను.

విచారణ తొమ్మిది రోజుల తర్వాత జరిగింది. జిల్లా నుంచి ఒక అధికారి, కాలేజీ నుంచి ఇద్దరు వచ్చారు. వారంలో రెండు రోజులే మా దగ్గరికి వచ్చే డాక్టరమ్మ, ల్యాబు ఆయన లోపల కూర్చున్నారు. నేను టీలు పట్టుకుని పోయాను. అధికారి అడుగుతున్నాడు, ల్యాబు ఆయన తల వంచుకుని సమాధానం చెబుతున్నాడు. ఆ రోజు ఊళ్ళో లేనన్నాడు. మరి మిషన్ ఎవరు వాడారంటే, నంబరు నాదే సార్, బాధ్యత నాదే అన్నాడు. అధికారి రాసుకోవడం మొదలుపెట్టాడు. నాకు చదవడం నిదానం గానీ, రాసే చేతిని చూస్తే ఎవరికి ఏం మూడిందో తెలుస్తుంది. నలభై ఏళ్ళు ఆ చేతుల పక్కనే నిలబడ్డాను.

టీ గ్లాసులు బల్ల మీద పెట్టి, కొంగులో ఉన్న డబ్బా తీసి వాటి పక్కన పెట్టాను.

“ఆయన పారేయమన్నాడు సార్. నేనే పారేయలేదు. సిస్టరమ్మకు నిన్నటిది పెట్టింది నేను” అన్నాను.

అధికారి పెన్ను ఆపాడు. ల్యాబు ఆయన “పెద్దమ్మా” అన్నాడు. ఆ తర్వాత అంతా నేనే చెప్పాను. ట్రే సంగతి, పొట్లాల సంగతి, మేకలాయన సంగతి. సంగటి సంగతి చెప్పలేదు. అది వాళ్ళ కాగితంలో పట్టేది కాదు.

కాలేజీ వాళ్ళలో ఒక ఆడమనిషి ఆ మిగిలిన పట్టీ తీసి మిషన్‌లో పెట్టి, తమతో తెచ్చుకున్న సీసాలో నుంచి ఒక చుక్క వేసింది. అది డెంగీ ఉన్నట్టు చూపించాల్సిన చుక్క అని చెప్పింది. పదిహేను నిమిషాలు కాచుకున్నాం. టీలు చల్లారిపోయాయి. పచ్చ లైటు వెలిగింది. చెడిపోతే వెలగాల్సిన పసుపు లైటు వెలగనేలేదు.

“సగం చెడిన పట్టీని మిషన్ గుర్తుపట్టలేకపోతోంది, అది మా లోపం” అని ఆమె అధికారితో అంది. తర్వాత నా వైపు తిరిగి నిదానంగా చెప్పింది. ఆ మూడోది చెడిందని ఇప్పుడు తెలిసింది గానీ, ఆ రోజు రెండోది కూడా చెడే ఉందని ఎవరూ చెప్పలేరట. కొత్త పట్టీ కూడా ఒక్కోసారి డెంగీని పట్టుకోకుండా దాటేస్తుందట. కావచ్చు, కాకపోవచ్చు అంది. ఆమె నన్ను ఓదార్చడానికే అంది. ఆ రెండు మాటల మధ్య నేను ఇప్పటికీ నిలబడే ఉన్నాను. తప్పు నాదేనని ఎవరైనా తేల్చి చెబితే తల వంచుకుని మోసేదాన్ని. కాదంటే దించేదాన్ని.

నాకు ఒక మెమో ఇచ్చారు. నలభై ఏళ్ళ ఉద్యోగంలో నా పేరు మీద ప్రభుత్వం టైపు కొట్టించిన కాగితం అదొక్కటే. ట్రంకు పెట్టెలో అడుగున ఉంది. ఇక మీద ల్యాబు ఆయన ముందు తప్ప మిషన్ ముట్టుకోకూడదన్నారు. ల్యాబు ఆయన ఉద్యోగం నిలిచింది. ఆయన నాతో వారం రోజులు మాట్లాడలేదు, కాపాడనివ్వలేదని కోపం. కాలేజీ వాళ్ళు తర్వాత వచ్చిన పెట్టెల్లో కవరు లోపల చిన్న రంగు బిళ్ళ పెట్టారు, చెమ్మ తగిలితే రంగు మారేది. మీలో కొందరు ఇప్పుడు అట్లాంటి కవర్లే చించుతుంటారు. ఆ బిళ్ళ ఎందుకు వచ్చిందో మీకు ఎవరూ చెప్పి ఉండరు.

విచారణ అయిన సాయంత్రం, ఇంకా వెలుతురు ఉండగానే, నేను సిస్టరమ్మ ఇంటికి పోయాను. ఊళ్ళో వాళ్ళ నోటి నుంచి వినకముందే ఆయన నా నోటి నుంచి వినాలి.

ఆయన వాకిట్లో సిమెంటు తొట్టి వంచి నీళ్ళు పారబోస్తున్నాడు. ఊరందరికీ తొట్లు కడుక్కోమని చెప్పి, తమ తొట్టికి ఆమెకే తీరిక దొరకలేదు. నన్ను చూసి మంచం వాల్చి, మళ్ళీ తొట్టి దగ్గరికి పోయాడు. నేను కూర్చోలేదు. నిలబడే చెప్పాను. ఏమీ తగ్గించలేదు. ఆయనకు సంగటి మాట కూడా చెప్పాను. అది ఆయనకు చెందిన మాట.

ఆయన తొట్టి అంచు పట్టుకుని వంగినవాడు వంగినట్టే ఉన్నాడు. నీళ్ళన్నీ పోయాక నిలబడ్డాడు.

“ఆ పొద్దు ఆమె నవ్విందా అక్కా?” అన్నాడు.

“నవ్వింది.”

“ఇంటికొచ్చి నాకు చెప్పింది. అక్క నాకు నిన్నటి సంగటి పెట్టిందని. నాకు అర్థం కాలేదు అప్పుడు.”

నేను క్షమించమని అడుగుదామని పోయాను. ఆ మాట విన్నాక అడగలేకపోయాను. కూతురు వంటింటి గడపలో నిలబడి అంతా వింది. ఆ పిల్ల కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఏడ్చి అనుకున్నాను. ఆయన పొమ్మనలేదు, ఉండమనలేదు. నా గ్లాసు గూట్లో బోర్లించి ఉంది. చూసి వచ్చేశాను.

మరుసటి రోజు పొద్దున ఏడున్నరకు ఆసుపత్రి తాళం తీసి, అరుగు ఊడ్చి, నీళ్ళు చల్లాను. ఎనిమిదింటికి ల్యాబు ఆయన వచ్చాడు. ఎనిమిదిన్నరకు సిస్టరమ్మ భర్త మోటారు సైకిల్ మీద కూతుర్ని వెనక కూర్చోబెట్టుకుని వచ్చాడు. పిల్లకు రాత్రి నుంచి జ్వరం. నిన్న సాయంత్రం నేను చూసిన ఎరుపు ఏడుపుది కాదు.

నేను పక్కకు తప్పుకుని గోడకు నిలబడ్డాను. ల్యాబు ఆయన పెట్టె తెరిచి ఒక వెండి కవరు తీశాడు. పిల్ల తండ్రి చెయ్యి చాచాడు. ఆయనకే ఇచ్చాడు. ఆయన కవరును రెండు వైపులా తిప్పి, అంచు గోటితో రాసి, ఎక్కడా తెరవలేదని చూసుకున్నాడు. చూసుకుని, నా దగ్గరికి వచ్చి నా చేతిలో పెట్టాడు.

“నువ్వే చించక్కా” అన్నాడు.

ల్యాబు ఆయన వేలు పొడిచాడు. చుక్క పైకి వచ్చిన తర్వాతే నేను కవరు చించాను. పట్టీ మిషన్‌లో పెట్టాను, చుక్క వేశాం. పదిహేను నిమిషాలు నలుగురం నిలబడే ఉన్నాం. ఎర్ర లైటు వెలిగింది. డాక్టరమ్మ బండికి ఫోను చేసింది. తొమ్మిదిన్నరకు పిల్లను ఎక్కించారు. తండ్రి పక్కన ఎక్కి కూర్చుని, తలుపు వేసే దాకా నా వైపు చూడలేదు. బండి కడప దారి పట్టింది.

నేను లోపలికి వచ్చాను. చించిన కవరు బల్ల మీద ఉంది, పొట్లం అందులోనే ఉంది. రెండూ తీసి చెత్త బక్కెట్టులో వేశాను.